ముప్ఫై దాటాక ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆగస్టు చివరి ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డు మీద మారథాన్‌ మొదలయ్యే చోట నిలబడి చూస్తే ఎవరి ముఖంలోనూ అలసట కనిపించదు. నెలల తరబడి చీకటితోనే లేచి సాధన చేసినవాళ్లే అందరూ. నాలుగు గంటలు గడిచాక అదే మనుషులను గచ్చిబౌలి దారిలో చూడండి. పాతిక కిలోమీటర్ల దాకా పక్కవాళ్లతో కబుర్లాడుతూ వచ్చిన మనిషి ముప్ఫై దాటి కాస్త దూరం వెళ్లాక ఉన్నట్టుండి నడకలోకి దిగిపోతాడు. తొడలు బిగుసుకుంటాయి, అడుగు లేవదు. వాలంటీరు ‘ఇంకెంతో లేదు సార్‌’ అంటుంటే ఆ మాట చెవికి ఎక్కదు. ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో లెక్కవేసుకోవడం కూడా కష్టమవుతుంది. రన్నర్లు దీన్ని ‘వాల్‌ తగలడం’ అంటారు.

అప్పటిదాకా బాగున్న మనిషికి అంతలో ఏమైంది? శక్తి అయిపోయిందని అందరూ చెప్పే జవాబు. ఆ జవాబులోనే ఒక చిక్కుంది. 60 కిలోల మనిషి ఒంట్లో 12 కిలోల కొవ్వుందనుకుందాం. అదేమీ ఎక్కువ కాదు, మామూలే. ఆ కొవ్వులో సుమారు 90 వేల కిలో కేలరీల శక్తి దాగి ఉంటుంది. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. ఆ లెక్కన ఒక మారథాన్‌కు కావలసింది రెండున్నర వేలు. అంటే ముప్ఫైకి పైగా మారథాన్లకు సరిపడా ఇంధనం ఒంటి మీదే ఉంది. అయినా మొదటి మారథాన్‌ కూడా పూర్తికాకుండానే కాళ్లు ఎందుకు ఆగిపోతున్నాయి?

పరుగులో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఇలాంటివే. పైకి హఠాత్తుగా వచ్చినట్టుంటాయి. లోపల మాత్రం గంటల ముందే, కొన్నిసార్లు ముందు రోజు రాత్రే మొదలై ఉంటాయి. అవి ఎలా మొదలవుతాయో తెలిస్తే, దారిలో ఏ ఇబ్బందికి సర్దుకుపోవచ్చో, దేనికి వెంటనే ఆగిపోవాలో తెలుస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడమే మన పరుగుల్లో అసలు ప్రమాదమని నా అభిప్రాయం.

నిల్వ ఉన్నా అందదు

కట్టెల పొయ్యి వెలిగించినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. చితుకులు వెంటనే అంటుకుంటాయి, భగ్గున మండుతాయి, త్వరగా అయిపోతాయి. పెద్ద మొద్దు గంటల తరబడి కాలుతుంది కానీ నిదానంగా కాలుతుంది. పైగా అది ఆరకుండా ఉండాలంటే పక్కన నాలుగు చితుకులు మండుతూ ఉండాలి. మన ఒంట్లో చితుకులు చక్కెర, మొద్దు కొవ్వు.

అన్నం, రొట్టె, పండు ఏది తిన్నా అందులోని పిండిపదార్థం చివరికి గ్లూకోజ్‌ అవుతుంది. అప్పటికప్పుడు అవసరం లేని గ్లూకోజ్‌ను శరీరం గొలుసులుగా కట్టి కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది. ఈ గొలుసుల పేరు గ్లైకోజెన్‌. కండరాలన్నిటిలో కలిపి ఇంచుమించు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు ఉంటుంది. మొత్తం శక్తి రెండు వేల కిలో కేలరీలు. పరుగుకు కావలసింది రెండున్నర వేలు. తేడా అక్కడే కనిపిస్తోంది.

నిజానికి ఆ రెండు వేలూ కాళ్లకు అందవు. కండరం తన గ్లైకోజెన్‌ను తానే వాడుకోవాలి, పక్క కండరానికి అప్పివ్వలేదు. గ్లూకోజ్‌ను తిరిగి రక్తంలోకి వదలడానికి కావలసిన ఎంజైమ్‌ కాలేయంలో ఉంటుంది, కండరంలో ఉండదు. భుజాల్లో, చేతుల్లో ఎంత నిల్వ ఉన్నా తొడలు ఖాళీ అయినప్పుడు అది అక్కరకు రాదు. రక్తంలోకి చక్కెర వదిలేది ప్రధానంగా కాలేయమే. దాని మీద మెదడుకూ హక్కుంది. పైగా రాత్రంతా మనం నిద్రపోతుంటే మెదడు ఆ కాలేయపు నిల్వనే తింటూ ఉంటుంది. పొద్దున్నే ఏమీ తినకుండా పరుగుకు వచ్చే మనిషి సగం ఖాళీ అయిన కాలేయంతో బయలుదేరుతున్నాడన్నమాట.

మరి కొవ్వు సంగతి? అది మొదటి అడుగు నుంచీ ఖర్చవుతూనే ఉంటుంది. కానీ అది కొవ్వు కణాల నుంచి బయటపడాలి, రక్తంలో ప్రయాణించాలి, కండరంలోకి చేరాలి, అక్కడ కాలడానికి చక్కెర కంటే కొంచెం ఎక్కువ ఆక్సిజన్‌ తీసుకోవాలి. ఇన్ని మెట్లున్నాయి కాబట్టి దాని నుంచి నిమిషానికి వచ్చే శక్తికి ఒక హద్దుంది. నిదానంగా పరిగెత్తేటప్పుడు కొవ్వు చాలావరకు సరిపోతుంది. వేగం పెరిగేకొద్దీ చక్కెర వాటా పెరుగుతూ పోతుంది. చక్కెర అయిపోయిన క్షణం నుంచి కొవ్వు ఇవ్వగలిగిన వేగంలోనే నడవాలి. అదే ఆ ఈడ్పు నడక.

మొదటి పది కిలోమీటర్లలో ‘ఒళ్లు తేలిగ్గా ఉంది కదా’ అని కాస్త వేగం పెంచిన మనిషి ముప్ఫై దాటాక దాని బాకీ తీరుస్తాడు. హైదరాబాద్‌ మార్గంలో ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు చదును రోడ్డు మీది వేగాన్నే పట్టుకుని ఉండాలనుకునేవాళ్లదీ ఇదే కథ. ఎత్తు ఎక్కేటప్పుడు గడియారం చూడకూడదు, ఊపిరి చూసుకోవాలి.

మారథాన్‌కు 42.195 కిలోమీటర్ల దూరాన్ని శరీరశాస్త్రం చదివి ఎవరూ పెట్టలేదు. 1908 లండన్‌ ఒలింపిక్స్‌లో విండ్సర్‌ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించడానికి సరిపోయిన కొలత అది. 1921లో దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. మన చక్కెర నిల్వ ముగిసే చోటికి కాస్త అవతల పరుగు ముగింపు గీత పడింది. పరుగు 25 కిలోమీటర్లే అయ్యుంటే వాల్‌ గురించి ఇంత చర్చే ఉండేది కాదు.

బాక్స్‌: ఒకే సైకిలు, ఇద్దరు శాస్త్రవేత్తలు

కండరంలో గ్లైకోజెన్‌ ఎంతుందో బయటి నుంచి తెలియదు. 1960లలో స్వీడన్‌ వైద్యులు జోనస్‌ బెర్గ్‌స్ట్రామ్‌, ఎరిక్‌ హల్ట్‌మన్‌ తొడ కండరంలోకి సూది గుచ్చి చిన్న ముక్క తీసి పరీక్షించే పద్ధతిని వ్యాయామ పరిశోధనకు వాడారు. 1966లో వాళ్లు ప్రచురించిన ప్రయోగంలో ప్రయోగానికి కూర్చున్నవాళ్లు కూడా వాళ్లిద్దరే. ఒక వ్యాయామ సైకిలుకు చెరోవైపు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కాలితోనే ఓపిక అయిపోయేదాకా తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా ఉన్న భోజనం చేశారు.

ఫలితం ఆశ్చర్యం కలిగించింది. తొక్కిన కాలిలో గ్లైకోజెన్‌ ఖాళీ అయింది. తిండి తిన్నాక అది మామూలు స్థాయికి వచ్చి ఆగలేదు, విశ్రాంతి తీసుకున్న కాలికి రెట్టింపయింది. ఒకే మనిషి, ఒకే భోజనం, ఒకే రక్తం. అయినా పనిచేసిన కాలే నిల్వ పెంచుకుంది. పరుగుకు రెండు మూడు రోజుల ముందు అన్నం ఎక్కువ తినాలని కోచ్‌లు చెప్పే ‘కార్బ్‌ లోడింగ్‌’కు ఆధారం ఇదే. గ్లైకోజెన్‌ ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిల్వ అవుతుంది. అందుకే ఆ రోజుల్లో బరువు కిలో, కిలోన్నర పెరిగితే కంగారు పడనక్కర్లేదు.

మిఠాయితో తీరిన గండం

చక్కెర తగ్గితే ఇబ్బంది పడేది కాళ్లొక్కటే కాదని అంతకు నాలుగు దశాబ్దాల ముందే తెలిసింది. 1924 బోస్టన్‌ మారథాన్‌ ముగింపు దగ్గర వైద్యులు కొందరు రన్నర్ల రక్తం తీసి చూశారు. ఇన్సులిన్‌ వాడుకలోకి వచ్చి అప్పటికి రెండేళ్లే. ఇన్సులిన్‌ ఎక్కువైన రోగి ఎలా ఉంటాడో ఆ వైద్యులకు తెలుసు. పాలిపోయి, వణుకుతూ, మాట తడబడుతూ ముగింపుకు చేరిన రన్నర్లు వాళ్లకు అచ్చం అలాగే కనిపించారు. రక్తపరీక్షలోనూ చక్కెర బాగా పడిపోయినట్టు తేలింది. మరుసటి సంవత్సరం అదే బృందంలో కొందరికి ముందురోజు పిండిపదార్థాలు ఎక్కువ పెట్టి, దారిలో మిఠాయి బిళ్లలు ఇచ్చారు. ఈసారి వాళ్ల రక్తంలో చక్కెర పడిపోలేదు, మనుషులూ మెరుగ్గా ఉన్నారు.

ఈనాటి ఎనర్జీ జెల్‌ ఆ మిఠాయి బిళ్ల వారసురాలే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోమని ఇప్పుడు నిపుణులు చెబుతారు. ఒక జెల్‌లో, ఒక మాదిరి అరటిపండులో సుమారు పాతిక గ్రాములుంటుంది. గ్లూకోజ్‌ను పేగు నుంచి రక్తంలోకి చేరవేసే ద్వారం గంటకు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్‌కు వేరే ద్వారముంది. అందుకే రెండూ కలిపిన పానీయాలతో అలవాటుపడ్డ రన్నర్లు గంటకు 90 గ్రాముల దాకా తీసుకోగలరు. పల్లీ చిక్కీ మంచి తిండే కానీ పరుగు మధ్యలో వద్దు. అందులోని కొవ్వు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆకలి వేసేదాకా ఆగకూడదు. మొదటి గంటలోనే మొదలుపెట్టాలి. వాల్‌ తగిలాక జెల్‌ తింటే తొడలు నిండవు. అయితే పావుగంటలో రక్తంలో చక్కెర కాస్త పెరిగి తల తేటపడుతుంది. కాబట్టి ఆ స్థితిలో చేయాల్సింది ఇది: నడవండి, తియ్యనిది ఏదైనా తినండి, నాలుగు గుక్కలు నీళ్లు తాగండి, తల తేటపడ్డాక నడక, పరుగు కలిపి ముందుకు వెళ్లండి. వేగం తిరిగి రాదు, ముగింపు దక్కుతుంది.

లాస్‌ ఏంజెలెస్‌లో ఆఖరి చుట్టు

చక్కెర తర్వాత దెబ్బతీసేది వేడి. 1984 ఆగస్టు 5. మహిళలకు ఒలింపిక్‌ మారథాన్‌ పెట్టిన మొదటి సంవత్సరం. విజేత జోన్‌ బెనాయిట్‌ ముగించి వెళ్లిపోయిన ఇరవై నిమిషాలకు స్విట్జర్లాండ్‌ రన్నర్‌ గాబ్రియేలా ఆండర్సన్‌-షీస్‌ స్టేడియంలోకి వచ్చింది. ఆమె వయసు అప్పుడు 39. ఒళ్లు ఎడమకు ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి వేలాడుతోంది, కుడి కాలు వంగడం లేదు. తల మీది టోపీ తీసేసింది. వైద్యులు దగ్గరికి వస్తే చేత్తో వద్దని పక్కకు తప్పుకుంది. ఆనాటి నిబంధన ప్రకారం వాళ్లు తాకితే ఆమె పోటీలో లేనట్టే. దారిలో ఆఖరి నీళ్ల స్టాల్‌ను ఆమె గమనించకుండా దాటి వచ్చేసింది.

ట్రాక్‌ మీద ఆఖరి చుట్టుకు ఆమెకు 5 నిమిషాల 44 సెకన్లు పట్టింది. మధ్యమధ్య ఆగి తల పట్టుకుంటోంది, మళ్లీ కదులుతోంది. వైద్యులు చెయ్యి వేయకుండా పక్కనే నడిచారు. ఆమెకు ఇంకా చెమట పడుతోందని గమనించి, శరీరం తనను తాను చల్లార్చుకుంటూనే ఉందని లెక్కవేసి సాగనిచ్చారు. ముగింపు గీత మీద వాళ్ల చేతుల్లో పడిపోయింది. 37వ స్థానం. రెండు గంటల్లోనే కోలుకుంది.

వైద్యుల నిర్ణయం ఆ రోజు ఫలించింది. కానీ ఈనాటి వైద్యం చెమటను అంతగా నమ్మదు. ఎండలో కూర్చున్న ముసలివాళ్లకు వడదెబ్బ తగిలినప్పుడు ఒళ్లు పొడిగా ఉండొచ్చు. పరిగెత్తుతూ వడదెబ్బ తిన్నవాళ్లకు చెమట ధారగా కారుతూ ఉండగానే ప్రాణం మీదికి వస్తుంది. చూడాల్సింది రెండే: లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిందా, మాటలో ప్రవర్తనలో తేడా వచ్చిందా.

ఒళ్లు అంత ఎందుకు వేడెక్కుతుంది? గంటకు పది కిలోమీటర్లు పరిగెత్తే 60 కిలోల మనిషి గంటలో 600 కిలో కేలరీలు ఖర్చు పెడతాడు. అందులో ముప్పావు వంతుకు పైగా వేడిగా మారుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకెళ్తుంది. అంటే గంటకు ముప్పావు లీటరుకు కాస్త పైన చెమట ఆవిరైతే చాలు. ఆవిరైతేనే సుమా! ఆగస్టులో హైదరాబాద్‌ గాలిలో తేమ ఎక్కువ. విశాఖ బీచ్‌ రోడ్డు మీద సముద్రం వల్ల అదే పరిస్థితి. తేమ గాలిలో చెమట ఆవిరి కాదు, మోచేతుల నుంచి కారి రోడ్డు మీద పడుతుంది. కారిన చెమట నీళ్లనీ ఉప్పునీ తీసుకుపోతుంది, వేడిని మాత్రం ఒంట్లోనే వదిలేస్తుంది. ఎండ లేదు, మబ్బు పట్టింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

2019లో దోహాలో ప్రపంచ చాంపియన్‌షిప్‌ మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి పెట్టారు. సూర్యుడు లేకపోయినా ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటింది, గాలిలో తేమ 70 శాతం మించింది. బయలుదేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్లందరూ తమ తమ దేశాల్లో అగ్రశ్రేణి రన్నర్లే.

వేడి పెరిగినప్పుడు గుండె మీద రెండు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. కాళ్లకు రక్తం కావాలి, చర్మానికీ రక్తం కావాలి. చెమట వల్ల రక్తంలోని నీరు తగ్గుతోంది. అందుకే వేగం మారకపోయినా గుండె కొట్టుకోవడం నిమిష నిమిషానికీ పెరుగుతుంది. ఆ రక్తానికి కోత పడేది పొట్ట, పేగుల దగ్గర. గట్టిగా పరిగెత్తేటప్పుడు వాటికి వెళ్లే రక్తం 80 శాతం దాకా తగ్గగలదు. వాంతి, కడుపులో తిప్పడం, మధ్యలో టాయిలెట్‌ వెతుక్కోవడం వంటివాటికి మూలం ఇదే. సాధనలో ఎప్పుడూ తినని జెల్‌ను, పోటీకి ముందు పెట్టే ఎక్స్‌పోలో కొన్న కొత్త పొడిని పోటీ రోజున మొదటిసారి నోట్లో వేసుకోవద్దని చెప్పేది అందుకే. కాళ్లకు లాగే పేగుకూ సాధన కావాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మోకాలు నొప్పి వస్తుందేమోనని పరుగుకు ముందే ఐబుప్రోఫెన్‌, డైక్లోఫెనాక్‌ లాంటి మాత్ర వేసుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. అసలే రక్తం తగ్గిన పేగు పొరను, మూత్రపిండాలను ఆ మాత్ర ఇంకా దెబ్బతీస్తుంది. 2004 ఏథెన్స్‌ ఒలింపిక్స్‌లో ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న పౌలా రాడ్‌క్లిఫ్‌ 36వ కిలోమీటరు దగ్గర ఆగిపోయింది. కాలి గాయానికి వాడిన వాపు మందులు పొట్టను పాడుచేసి, తిన్నది ఒంటబట్టకుండా చేశాయని తర్వాత ఆమే చెప్పింది. ఆ మాత్రలు పరుగు రోజున వద్దు.

వేడికి అలవాటు పడటం మాత్రం మన చేతుల్లో ఉంది. పది నుంచి పద్నాలుగు రోజులు ఆరుబయట వెచ్చని గాలిలో సాధన చేస్తే రక్తంలోని నీటిభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్‌ మీద చేసిన సాధనకు ఈ ఫలితం రాదు.

నీళ్లు ఎక్కువైనా ముప్పే

వేడి గురించి ఇంత చదివాక ప్రతి స్టాల్‌ దగ్గరా రెండు గ్లాసులు తాగేద్దామనిపిస్తుంది. అదీ తప్పే. 2002 బోస్టన్‌ మారథాన్‌ ముగించిన 488 మంది రక్తాన్ని పరిశోధకులు పరీక్షించారు. 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువుంది. ముగ్గురిలో ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. వీళ్లలో ఎక్కువగా కనిపించింది పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటలకు పైగా పట్టినవాళ్లు. అంటే వేగంగా పరిగెత్తేవాళ్ల కంటే నిదానంగా వెళ్తూ ప్రతి స్టాల్‌ దగ్గరా ఆగే కొత్తవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ.

జరిగేది ఇది. శ్రమ చేసేటప్పుడు మెదడు నీటిని పొదుపు చేసే హార్మోన్‌ను వదులుతుంది, మూత్రం తయారీ తగ్గిపోతుంది. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. రక్తం పలచబడుతుంది, సోడియం సాంద్రత తగ్గుతుంది. అప్పుడు నీరు ఉప్పు ఎక్కువున్న చోటికి, అంటే కణాల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. మిగతా అవయవాలకు ఉబ్బడానికి చోటుంది. మెదడు పుర్రెలో బిగించి ఉంది, దానికి లేదు. తలనొప్పి, వాంతి, అయోమయం, చివరికి మూర్ఛ. స్పోర్ట్స్‌ డ్రింక్‌లో ఉప్పుంటుంది కదా అనుకోవద్దు. దానిలోని సోడియం రక్తంలో కంటే చాలా తక్కువ. అతిగా తాగితే అదీ రక్తాన్ని పలచన చేస్తుంది.

నీరసంగా కనిపిస్తే చాలు, సెలైన్‌ ఎక్కించమని అడగడం మనకు అలవాటు. పడిపోయిన రన్నర్‌ విషయంలో అది ప్రాణం తీయొచ్చు. నీళ్లు తక్కువైనవాళ్లూ, ఎక్కువైనవాళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటారు. రెండో రకం వాళ్లకు మామూలు సెలైన్‌ సీసాలు ఎక్కిస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. వాళ్లకు కావలసింది కొద్ది మోతాదులో గాఢమైన ఉప్పు ద్రావణం. ముందు సోడియం చూడాలి, ఆ తర్వాతే సూది. రన్నర్‌ చేయగలిగింది సులువే: దాహం వేస్తే తాగండి, వేయకపోతే స్టాల్‌ దాటిపొండి. సాధన రోజుల్లో పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే మీకు గంటకు ఎంత చెమట పోతుందో అంచనా దొరుకుతుంది. బరువు కాస్త తగ్గడం మామూలే, పెరగకూడదు.

పిక్క పట్టేస్తే

పిక్కలు పట్టేయడానికి ఉప్పు తగ్గడమే కారణమని ఏ రన్నర్‌ను అడిగినా చెబుతారు. గనుల్లో, ఓడల బాయిలర్ల దగ్గర చెమటలు కక్కే కార్మికుల్ని చూసి వంద ఏళ్ల కిందట వచ్చిన అభిప్రాయం అది. అయితే సుదూర పరుగుల్లో పిక్కలు పట్టినవాళ్ల రక్తాన్నీ పట్టనివాళ్ల రక్తాన్నీ పోల్చినప్పుడు పట్టేయడానికి కారణం చెప్పగలిగేంత తేడా సోడియంలో కనిపించలేదు. ఉప్పు ఒళ్లంతా తగ్గితే ఒక్క పిక్కే ఎందుకు పట్టాలి అన్నదీ న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు ఎక్కువ ఆధారం ఉన్న వివరణ వేరు. అలసిన కండరానికి ‘బిగుసుకో’ అని చెప్పే నరాల సంకేతాలు పెరిగి, ‘వదులు’ అని చెప్పేవి తగ్గుతాయి. సాధనలో ఎన్నడూ పెట్టని వేగం పోటీ రోజున పెట్టినప్పుడు ఇది జరుగుతుంది.

2010లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం దీనికి బలమిచ్చింది. కాలి బొటనవేలి కండరాన్ని విద్యుత్తుతో పట్టేసేలా చేసి, కొందరికి నీళ్లు, కొందరికి దోసకాయలు ఊరవేసిన వెనిగర్‌ ఉప్పునీరు ఇచ్చారు. ఆ పుల్లనీరు తాగినవాళ్లకు మూడోవంతుకు పైగా త్వరగా సడలింది. ఒకటిన్నర నిమిషం కూడా పట్టలేదు. అంతలో ఉప్పు పేగు దాటి రక్తంలో కలవడం అసాధ్యం. గొంతులో తగిలిన ఘాటు నరాల ద్వారా ఆ మొండి సంకేతాన్ని ఆపిందని పరిశోధకుల ఊహ. మన ఆవకాయ ఊటకు ఈ గుణముందని ఎవరూ పరీక్షించలేదు, నూనె కారం ఖాళీ కడుపులో వేసుకుని ఆ ప్రయోగం మీరు చేయవద్దు. పట్టేసిన చోట తక్షణం పనిచేసేది సాగదీయడమే. ఆగండి, పాదం వేళ్లను మోకాలి వైపు లాగి అర నిమిషం పట్టుకోండి, వదిలాక వేగం తగ్గించి సాగండి.

తల చెప్పే మాట ఎంత నమ్మాలి?

బ్రిటన్‌లో 2004లో సైకిలిస్టులతో ఒక పరీక్ష చేశారు. దాదాపు గంటసేపు సాగే పోటీలో వాళ్లకు చక్కెర ద్రావణం ఇచ్చి, నోట్లో పుక్కిలించి ఉమ్మేయమన్నారు. ఒక్క చుక్క కూడా పొట్టలోకి వెళ్లలేదు. అయినా ఉత్త నీళ్లు పుక్కిలించినప్పటి కంటే దాదాపు మూడు శాతం ముందు ముగించారు. కండరాలకు కొత్త ఇంధనం ఏదీ అందలేదు. ఇంధనం వస్తోందని నోరు మెదడుకు కబురు పంపింది, మెదడు కట్టడి కాస్త సడలించింది. అలసట అనేది కండరంలో ఉన్న స్థితి మాత్రమే కాదు, ముందున్న దూరాన్ని చూసి మెదడు వేసే అంచనా కూడా.

ఆ అంచనా తప్పడమూ ఉంది. 2018 బోస్టన్‌ మారథాన్‌ ఎదురుగాలిలో, చలివానలో జరిగింది. పేరున్న రన్నర్లు ఎందరో వదిలేశారు. డెజ్‌ లిండెన్‌కు మొదట్లోనే ఒంట్లో బాగా లేదు. తాను ఆగిపోవచ్చని, ఈలోగా ఏమైనా సాయం కావాలంటే చేస్తానని తోటి అమెరికన్‌ షలేన్‌ ఫ్లానగన్‌తో చెప్పింది. ఫ్లానగన్‌ టాయిలెట్‌కు ఆగినప్పుడు ఆమె కోసం వేగం తగ్గించి, మళ్లీ గుంపులో కలిసేందుకు తోడుగా పరిగెత్తింది. ఆ తర్వాత ఒళ్లు కాస్త కుదుటపడింది, సాగుతూ పోయింది. ఆ రోజు గెలిచింది లిండెనే. 1985 తర్వాత బోస్టన్‌లో గెలిచిన మొదటి అమెరికన్‌ మహిళ ఆమె. అయిదో కిలోమీటరు దగ్గర ఉన్న బాధ ముప్ఫైఅయిదో కిలోమీటరు దగ్గర కూడా ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి మామూలు అలసటతో, నిరుత్సాహంతో బేరమాడొచ్చు. ‘వచ్చే స్టాల్‌ దాకా వెళ్లి చూద్దాం’ అనుకోవడం మంచి పద్ధతే.

అయితే ఈ ధోరణిని అన్నిటికీ వాడటం వల్లే మనుషులు పోతున్నారు. ‘మనసు గట్టిదైతే శరీరం వింటుంది’ అని స్టేజీల మీద చెప్పే మాటలు మారథాన్‌ దారిలో అర్ధసత్యాలు. లోపలి ఉష్ణోగ్రత 41 డిగ్రీలున్న మెదడు మనసు గట్టిపడమంటే గట్టిపడదు, ఉడికిపోతుంది.

బాక్స్‌: ఇక్కడ బేరం లేదు

ఛాతీలో నొప్పి, బిగింపు, కళ్లు తిరిగి పడిపోవడం: అక్కడే ఆగి వైద్య సిబ్బందిని పిలవాలి.

పొంతన లేని మాటలు, తూలడం, దారి తెలియకపోవడం: వడదెబ్బో, సోడియం పడిపోవడమో అయ్యుండొచ్చు. మనిషిని కదలనీయకండి, ఒంటరిగా వదలకండి. ఒళ్లు కాలిపోతుంటే ముందు చల్లార్చాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. మంచునీళ్ల తొట్టిలో ముంచడం అన్నిటికంటే మేలైన చికిత్స. అమెరికాలో ఆగస్టు నెలలో జరిగే ఫాల్మత్‌ రోడ్‌ రేస్‌లో 18 ఏళ్లలో 274 మందికి వడదెబ్బ తగిలితే, ముగింపు దగ్గరే తొట్టెలు సిద్ధంగా ఉండటం వల్ల అందరూ బతికారు. తొట్టి లేకపోతే చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూ విసరాలి.

ఎముక మీద ఒకే చోట, అడుగడుగుకీ పెరిగే నొప్పి: ఎముకలో చీలిక కావచ్చు. పతకం కోసం దాన్ని పగులు దాకా తీసుకెళ్లొద్దు.

పక్కన పరిగెత్తేవాళ్లకు

దారిలో కూర్చుండిపోయిన రన్నర్‌ను చూస్తే మనం చప్పట్లు కొట్టి లేపబోతాం. ముందు ఒక ప్రశ్న అడగండి: మీ పేరేంటి, ఇప్పుడు ఎన్నో కిలోమీటరు దగ్గరున్నాం? జవాబు సరిగ్గా వస్తే చెయ్యి అందించి లేపండి, తియ్యనిది ఏదైనా పెట్టండి. జవాబు తడబడితే చప్పట్లు ఆపి వాలంటీరును పిలవండి. మీ బిబ్‌ (ఛాతీ మీది నంబరు చీటీ) వెనక ఇంటివాళ్ల ఫోన్‌ నంబరు, రక్తం గ్రూపు, వాడే మందుల పేర్లు రాసుకోండి.

2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్‌, హాఫ్‌ మారథాన్‌లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షల మంది లెక్కల్ని పరిశోధకులు చూశారు. పరుగులో గుండె ఆగినవాళ్లు 59 మంది. ఇది చాలా అరుదైన ప్రమాదమే, పరుగు మానేయడానికి కారణం కాదు. ఆ 59 మందిలో 42 మంది చనిపోయారు. బతికినవాళ్లకు ఎక్కువగా కలిసొచ్చింది, పక్కనున్నవాళ్లు వెంటనే ఛాతీ నొక్కడం (సీపీఆర్‌) మొదలుపెట్టడం. మారథాన్‌కు నాలుగైదు నెలలు సాధన చేస్తాం. అందులో ఒక పూట కేటాయించి సీపీఆర్‌ నేర్చుకోండి, మీ రన్నింగ్‌ గ్రూపులో అందరి చేతా నేర్పించండి.